ఆ బీజీఎం ఎవరిది?

కాలేజీ షార్ట్ ఫిల్మ్ పోటీలకు వచ్చిన ట్రైలర్లు వరసగా ఓ పది చూడండి. కథలు పది రకాలుగా ఉంటాయి. ఒకటి హాస్టల్ కామెడీ, ఒకటి రైతు గోస, ఒకటి దెయ్యం కథ. సంగీతం మాత్రం రెండే రకాలు. ఒకటి 'ఇంటర్‌స్టెల్లార్' ఆర్గాన్, రెండోది గుండెలదిరే డ్రమ్ములు, వాటి మీద అర్థం తెలియని కోరస్. మెస్‌లో ఆఖరి ఆమ్లెట్ కోసం ఇద్దరు కొట్టుకునే సీను మీద కూడా ఆ కోరస్సే. హాల్లో జనం నవ్వుతారు, కానీ ఆ నవ్వు సీనుకు వచ్చింది కాదు.

ఇలా ఎందుకు జరుగుతుందో అందరికీ తెలుసు. ట్రైలర్ ఎడిటింగ్ ఎప్పుడూ ఆఖరి రాత్రికే మిగులుతుంది. తెల్లారితే సబ్మిషన్. ఎవడో ఫోన్ తీసి "ఇది పెట్టి చూడరా, గూస్‌బంప్సే" అంటాడు. పెడతారు. నిజంగానే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయితే ఆ గగుర్పాటు మీ షాట్లు తెచ్చింది కాదు. ఆ బీజీఎం మొదటిసారి ఏ థియేటర్లో, ఎవరి పక్కన కూర్చుని విన్నారో ఆ రాత్రి గుర్తొచ్చి కలిగింది. పేరున్న సంగీతం ఎప్పుడూ ఒంటరిగా రాదు, తన సినిమాని వెంటబెట్టుకుని వస్తుంది. వందల కోట్ల సినిమా పక్కన, సెల్‌ఫోన్‌తో తీసిన మీ ఫిల్ము నిలబడాల్సి వస్తుంది. పాపం, నిలబడలేదు.

అందుకే ఏ ట్యూన్ చేతికొచ్చినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకోండి. ఇది ఎవరిది? చూసేవాళ్ల మనసులో ఎవరిది, కాగితాల మీద ఎవరిది. ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మొదటి సగం జవాబు మీ అభిరుచికి సంబంధించింది, రెండో సగం చట్టానికి సంబంధించింది. కుర్రాళ్లు రెండోదానికి భయపడతారు గానీ, ట్రైలర్లను ఎక్కువగా ముంచేది మొదటిదే.

ఒక విషయం మీకు ధైర్యమివ్వాలి. ట్రైలర్ సంగీతం, సినిమా సంగీతం ఒకటే కానక్కర్లేదు. హాలీవుడ్‌లో సినిమా నేపథ్య సంగీతం పూర్తి కాకముందే ట్రైలర్ కట్ చేయాల్సి వస్తుంది కనుక, దానికి వేరే సంగీతం తెచ్చుకోవడం మామూలే. 2002లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది టూ టవర్స్' ట్రైలర్‌లో మోగింది ఆ సినిమా సంగీతం కాదు. క్లింట్ మాన్సెల్ 2000లో 'రిక్వియమ్ ఫర్ ఎ డ్రీమ్' కోసం చేసిన ట్యూన్‌ని పెద్ద ఆర్కెస్ట్రాతో, కోరస్‌తో మళ్లీ రికార్డు చేసి వాడారు. 2010లో 'ఇన్‌సెప్షన్' ట్రైలర్‌లో విన్న 'మైండ్ హైస్ట్' ట్యూన్ ఆ సినిమా సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ చేసిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది జాక్ హెమ్సీది. మన దగ్గర పద్ధతి వేరు, చాలావరకు సినిమాకి పనిచేసిన సంగీత దర్శకుడే ట్రైలర్‌కీ కూర్చుంటాడు. మీకు ఏ పద్ధతైనా ఫరవాలేదు. సినిమా బీజీఎం ఇంకా తయారుకాలేదని ట్రైలర్ ఆపక్కర్లేదు, సినిమాలో ఉన్న ముక్కనే ట్రైలర్‌లోనూ పెట్టాలన్న నియమమూ లేదు.

ఇక అసలు పనికొద్దాం. 'సప్లీ' అనే పదిహేను నిమిషాల ఫిల్ము మీరు తీశారనుకుందాం. ఇంజినీరింగ్ మూడో ఏడాది కుర్రాడు. ఒక సబ్జెక్టు పోయింది. ఇంట్లో పాసయ్యానని చెప్పేశాడు. ట్రైలర్‌కి ప్రాణంలాంటి షాట్ ఒకటుంది. హాస్టల్ మేడ మీద ఆరేసిన బట్టల మధ్య కుర్రాడు ఫోన్ మాట్లాడుతుంటాడు. అవతల నుంచి తండ్రి గొంతు: "రిజల్ట్ వచ్చిందంట గదరా?" కుర్రాడు ఒక క్షణం ఆగి, "ఆ నాన్నా. వచ్చింది" అంటాడు. అంతే. అతను అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

ఈ షాట్ కింద మొదట ఒక వయొలిన్ పెట్టండి, నిదానంగా, కిందికి దిగే స్వరాలతో. కుర్రాడి మీద జాలి పుడుతుంది. చూసేవాళ్లు ఇదేదో ఒత్తిడి తట్టుకోలేని విద్యార్థి కథ అనుకుంటారు, ముగింపు కూడా ఊహించేస్తారు, అదీ చెడ్డ ముగింపే. ఇప్పుడు వయొలిన్ తీసేసి, చిన్నగా చిటికెలు, ఒక ఘటం, పైన కొంటెగా ఓ క్లారినెట్ పెట్టండి. అదే మొహం, అదే మాట. కుర్రాడు గడుసువాడైపోయాడు, తండ్రి అమాయకుడైపోయాడు. హాలు నవ్వుతుంది. మూడోసారి ఏమీ పెట్టకండి. గాలికి బట్టలు కొట్టుకునే చప్పుడు, దూరంగా ఎక్కడో బైకు, ఫోన్లో తండ్రి ఊపిరి. ఇప్పుడు కుర్రాడి "ఆ"కీ "వచ్చింది"కీ మధ్య ఉన్న ఖాళీ వినిపిస్తుంది. తండ్రికి తెలిసిపోయిందేమో అన్న అనుమానం మొదటిసారి పుడుతుంది.

మూడూ తప్పు కావు. మూడూ మూడు సినిమాలు. మీరు తీసింది అందులో ఏది? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా పాటల కోసం యూట్యూబ్ గాలించడం మొదలుపెడితే, ఏది బాగుంటే అది మీ సినిమా అయిపోతుంది. కాబట్టి ముందు ట్రైలర్‌ని సౌండు పూర్తిగా తీసేసి చూడండి. తర్వాత కాగితం మీద ఒకే వాక్యం రాయండి: "ఇది చూశాక ఎదుటివాడికి ఫలానా అనిపించాలి." ఆ వాక్యంలో 'ఎమోషనల్‌గా', 'నెక్స్ట్ లెవెల్‌లో' లాంటి మాటలొస్తే కొట్టేసి మళ్లీ రాయండి. 'తండ్రికి తెలుసా, తెలియదా అని మనసు పీకాలి' అని రాయగలిగారంటే సగం పని అయిపోయినట్టే. ఆ వాక్యం చూసిన మరుక్షణం కోరస్ డ్రమ్ములు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

దర్శకుడు ఒకరు, ఎడిటర్ ఒకరు అయితే ఆ వాక్యం ఇద్దరూ విడివిడిగా రాసి తర్వాత చూసుకోవాలి. ఇద్దరివీ కలవకపోతే గొడవ ఇప్పుడే పడండి, ఆఖరి రాత్రి మూడింటికి కాదు.

నిశ్శబ్దం గురించి ఒక మాట. 1979లో వచ్చిన 'ఏలియన్' ట్రైలర్‌లో డైలాగే లేదు. ఒక గుడ్డు, పగుళ్లు, పరుగులు, ఆగకుండా సైరన్‌లా కోసే ఒక శబ్దం. భయపెట్టడానికి అది చాలింది. తొంభై సెకన్ల ట్రైలర్‌లో సంగీతం తొంభై సెకన్లూ మోగాలని ఎవరూ చెప్పలేదు. ఎక్కడ ఆపాలో తెలిస్తే, మొదలుపెట్టేది ఎంత మామూలు ట్యూన్ అయినా బతికిపోతుంది. తండ్రి ప్రశ్నకు సరిగ్గా అర సెకను ముందు సంగీతం ఠక్కున ఆగిపోయేలా చేసి చూడండి.

ఇప్పుడు కొంచెం లెక్క. ట్యూన్ వేగాన్ని నిమిషానికి ఎన్ని బీట్లు అని కొలుస్తారు, ఎడిటింగ్ రూముల్లో దీన్నే బీపీఎం అంటారు. మీ వీడియో సెకనుకు ఎన్ని ఫ్రేములో చూసుకుని, దాన్ని 60తో హెచ్చించి బీపీఎంతో భాగిస్తే, ఒక బీట్‌కి ఎన్ని ఫ్రేములో వస్తుంది. 24 ఫ్రేముల వీడియోకి 120 బీపీఎం ట్యూన్ అయితే బీట్‌కి సరిగ్గా 12 ఫ్రేములు, 90 అయితే 16. ఫోన్‌తో తీసింది చాలావరకు 30 ఫ్రేములు కాబట్టి దానికి 100 బీపీఎం చక్కగా కుదురుతుంది, బీట్‌కి 18. అదే 30 ఫ్రేములకి 110 బీపీఎం తీసుకుంటే పదహారు చిల్లర వస్తుంది. చిల్లర వదిలేసి పదహారు లెక్కన కట్లు పేర్చుకుంటూ పోతే, ఇరవై బీట్లయ్యేసరికి కట్ ఏడు ఫ్రేములు ముందే పడుతుంది. దాదాపు పావు సెకను తేడా. ఎక్కడో తేడా కొడుతోందని అందరికీ అనిపిస్తుంది, ఎక్కడో మాత్రం దొరకదు. అలాంటి ట్యూన్ వాడకూడదని కాదు, వాడితే ప్రతి కట్‌నీ వేవ్‌ఫారమ్ చూసుకుని చేత్తో సర్దాలి. అలాగని ప్రతి బీట్‌కీ ఒక కట్ వేయకండి, అది పెళ్లి వీడియో అవుతుంది. నాలుగు బీట్లు ఒక షాట్‌ని వదిలేసి ఐదోదాని మీద కోస్తే ఆ కోతకు విలువ ఉంటుంది.

మాటలున్న పాటల జోలికి పోవద్దని నా సలహా. డైలాగూ సాహిత్యమూ ఒకేసారి వినిపిస్తే చెవి రెండూ వదిలేస్తుంది. అంతగా పాట కావాలనుకుంటే డైలాగులు తీసేసి పాటనే నడిపించండి. 2010 నాటి 'ది సోషల్ నెట్‌వర్క్' ట్రైలర్ ఆ ధైర్యం చేసింది. రేడియోహెడ్ వాళ్ల 'క్రీప్' పాటని ఒక బెల్జియన్ బృందం అమ్మాయిల గొంతులతో పాడితే దాన్ని పెట్టారు, మొదట చాలాసేపు కంప్యూటర్ తెర మీద ఫొటోలూ మెసేజ్‌లూ తప్ప మనుషుల మాట వినిపించదు.

సరే, ప్రశ్నలో రెండో సగం. కాగితాల మీద ఇది ఎవరిది?

"ఐదు సెకన్లు వాడుకోవచ్చంట", "పది సెకన్ల లోపైతే ఏం కాదంట" అనే మాట ప్రతి కాలేజీలోనూ తిరుగుతుంది. మన 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. చదువులో భాగంగా, కాలేజీ లోపల విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల ముందు చేసే ప్రదర్శనకి 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది. ఆ గడప దాటి యూట్యూబ్‌లో పెట్టిన క్షణం నుంచి ఆ వెసులుబాటు మీకు అక్కరకు రాదు. మీ ట్రైలర్ పుట్టిందే యూట్యూబ్‌లో పెట్టడానికి కాబట్టి, కాలేజీ మినహాయింపుని నమ్ముకోవడం వృథా.

పైగా ఒక పాటకు తాళాలు ఒకటి కాదు. ట్యూన్ మీద హక్కు వేరు, సాహిత్యం మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్' అనే మలయాళ సినిమాలో 1991 నాటి 'గుణ' పాట వాడినందుకు ఇళయరాజా నోటీసు పంపారు. నిర్మాతలేమో హక్కులున్న మ్యూజిక్ కంపెనీ దగ్గర తాము అనుమతి తీసుకున్నామన్నారు. పెద్ద నిర్మాతలకే ఇంత తలనొప్పి అయితే, రికార్డింగ్ వదిలేసి మీ ఫ్రెండ్ చేత కీబోర్డు మీద అదే ట్యూన్ వాయిస్తే సరిపోతుందనుకోవడం ఎంత అమాయకత్వమో చూడండి. అలా వాయిస్తే రికార్డింగ్ తాళం ఒక్కటే తప్పించుకున్నట్టు, ట్యూన్ తాళం అలాగే ఉంటుంది.

"అయితే అన్నమయ్య కీర్తన వాడుకుంటాం, ఐదు వందల ఏళ్ల కిందటిది కదా" అంటారు తెలివైన పిల్లలు. మంచి ఆలోచనే, కానీ ఇక్కడో మెలిక ఉంది. అన్నమయ్య 1503లో వెళ్లిపోయారు, ఆయన సాహిత్యం అందరిదీ. రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ దొరికాయి గానీ, స్వరం దొరకలేదు. ఇవాళ మనం వింటున్న వరసల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. మన చట్టంలో స్వరకర్త హక్కు ఆయన జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. రాళ్లపల్లివారు 1979లో పోయారు కాబట్టి ఆయన వరసలకు 2039 చివరి దాకా గడువు ఉన్నట్టే. త్యాగరాజు దగ్గర ఈ చిక్కు తక్కువ. ఆయన 1847లో సిద్ధి పొందారు, ట్యూన్లు శిష్య పరంపరగా వచ్చాయి. మీ కాలేజీలో వీణ నేర్చుకున్న అమ్మాయి ఉంటే, ఆమె చేత ఒక కృతి పల్లవి వాయించుకుని రికార్డు చేసుకోండి. పేరున్న విద్వాంసుల రికార్డింగ్ మాత్రం ముట్టుకోకండి, రికార్డింగుకి విడుదలైన ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు వేరే ఉంది.

ఎక్కించిన కాసేపటికే యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ అనే యంత్రం మీ ట్రైలర్‌లోని సంగీతాన్ని తన దగ్గరున్న పాటలతో సరిపోల్చుకుంటుంది. దొరికితే క్లెయిమ్ వస్తుంది. వీడియో మీద వచ్చే డబ్బు హక్కుదారుకి వెళ్లొచ్చు, లేదా కొన్ని దేశాల్లో వీడియో కనపడకుండా పోవచ్చు. కంగారు పడకండి, క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. హక్కుదారు స్వయంగా తీసేయమని అడిగితే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే చానెలే పోతుంది. ఇన్‌స్టాలో రీల్స్ కింద పెట్టుకునే పాట కూడా ఆ యాప్ లోపలికే పనికొస్తుంది, అక్కడ దొరికింది కదా అని మీ ఫిల్ములోకి దించుకోకూడదు.

ఉచితంగా, దర్జాగా వాడుకోగలిగేది లేదా అంటే చాలానే ఉంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉంది. కెవిన్ మెక్లాయిడ్ ట్యూన్లు ఉన్నాయి, పేరు వేస్తే చాలు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వచ్చే సంగీతం బోలెడు. అక్కడ పేరు వెనకున్న అక్షరాలు చూసుకోవాలి. 'బీవై' అంటే పేరు వేయాలి. 'ఎన్‌సీ' అంటే డబ్బు సంపాదించే పనికి వాడకూడదు. 'ఎస్‌ఏ' ఉంటే మీ ట్రైలర్‌ని కూడా అదే లైసెన్సుతో వదలాలి. పిల్లలు బోల్తా పడేది 'ఎన్‌డీ' దగ్గర. మార్పులు చేయొద్దని దాని అర్థం, మేం ట్యూన్ మార్చలేదు కదా అనుకుంటారు. క్రియేటివ్ కామన్స్ లెక్కలో బొమ్మకు ట్యూన్ జతచేయడమే ఒక మార్పు. కాబట్టి 'ఎన్‌డీ' కనపడితే ఆ ట్యూన్ వదిలేయండి. ఏఐ యాప్‌లో పుట్టించిన ట్యూన్ అయినా ఆ యాప్ షరతులు చదవకుండా వాడొద్దు.

ఇవన్నీ సరే గానీ, నన్నడిగితే అన్నిటికంటే మంచి దారి మీ ఊళ్లోనే ఉంది. ట్రైలర్‌కి కావలసింది నిజానికి ఎంత? ఒక దరువు, ఒక చిన్న స్వరం, ఒక ఆగడం. దానికి ఆర్కెస్ట్రా అక్కర్లేదు. డప్పు వాయించే పెద్దాయన ఒకరు చాలు. లేదా ఒగ్గుకథ డోలు, కిన్నెర, ఉత్తరాంధ్రలో అయితే జముకు. 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చినప్పుడు ఆ ఊరి మనుషుల్నే నటుల్ని చేసి ఎంత నమ్మించిందో మనం చూశాం. శబ్దానికీ అదే వర్తిస్తుంది. మీ డప్పు విన్నవాడికి ఇంకే సినిమా గుర్తురాదు.

డప్పు రికార్డు చేయాలంటే ముందు దాన్ని మంట మీద కాచేదాకా ఓపిక పట్టండి. కాగకముందు దాని గొంతు బొంగురుగా, చల్లారిన కొద్దీ మారిపోతూ ఉంటుంది. అందుకే కావలసిన దరువు ఏమిటో ముందే మాట్లాడుకుని, కాగిన వెంటనే రికార్డు చేసుకోవాలి. ఫోన్ దగ్గరగా పెడితే శబ్దం పగిలిపోతుంది, పది అడుగులు వెనక్కి వెళ్లి ఆరుబయట పెట్టండి. ఒకే దరువు నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి, చివర్న ఒంటి దెబ్బలు విడివిడిగా ఓ ఐదారు తీసుకోండి. టైటిల్ పడేచోట ఆ ఒంటి దెబ్బలే మీకు పనికొస్తాయి. వచ్చేముందు ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ చోటి గాలి శబ్దం కూడా పట్టుకోండి, ముక్కలు అతికేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఆయనకు డబ్బివ్వండి, ఎంతైనా సరే, ముందే మాట్లాడుకుని. ఒక కాగితం మీద ఆయన పేరు, ఫిల్ము పేరు, తేదీ, ఇచ్చిన మొత్తం, దీన్ని ఎక్కడెక్కడ వాడతారో తెలుగులో రాసి చదివి వినిపించి సంతకం తీసుకోండి. కీబోర్డు వాయించిన క్లాస్‌మేట్ దగ్గరైనా ఇదే పని చేయాలి. "మనోడే కదా" అన్న మాట ఫిల్ము ఏ పోటీకీ వెళ్లనంత కాలమే పనిచేస్తుంది.

ఇంతా చేశాక టీమ్‌లో ఒకడు మొండికేస్తాడు. మొదటి రోజు రఫ్‌గా పెట్టుకున్న ఆ పెద్ద సినిమా బీజీఎమ్మే కావాలంటాడు. అది మూర్ఖత్వం కాదు. ఒకే ట్యూన్‌తో నెల రోజులు చూసిన బొమ్మకు ఇంకే ట్యూన్ పెట్టినా పరాయిగానే ఉంటుంది. స్టాన్లీ కుబ్రిక్ అంతటివాడు '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి ఎడిటింగ్‌లో తాత్కాలికంగా పెట్టుకున్న, అప్పటికే ఉన్న శాస్త్రీయ సంగీతానికి అలవాటుపడి, అలెక్స్ నార్త్ రాసిన సంగీతాన్ని పక్కన పెట్టేశాడు. 1968లో అది ఆయనకు చెల్లింది. మీకు చెల్లదు. కాబట్టి రఫ్‌కట్‌లోనే, వాడుకునే హక్కున్న ట్యూన్లనే పెట్టుకోవడం మేలు.

అయినా తేలకపోతే మూడు రకాల సంగీతంతో మూడు వెర్షన్లు తయారుచేసి, ఒక్కోదాన్ని కథ తెలియని ఒక్కో మనిషికి చూపించండి. హాస్టల్ వాచ్‌మనైనా, జూనియరైనా సరే. "బాగుందా?" అని అడగొద్దు, సూపర్ అంటారు. "ఇది ఏం సినిమా అనుకుంటున్నావ్?" అని అడగండి. మీరు మొదట్లో రాసుకున్న వాక్యానికి ఎవరి జవాబు దగ్గరగా వస్తే ఆ వెర్షనే మీది. మీ అందరికీ నచ్చిన ట్యూన్ ఓడిపోవచ్చు. ఓడిపోనివ్వండి.

చివరి మిక్సింగ్ ఖరీదైన హెడ్‌ఫోన్స్‌లో చేసినా, ఆఖరి పరీక్ష మాత్రం మామూలు ఫోన్ స్పీకర్ మీదే. మీ ట్రైలర్ చూసేవాళ్లలో ఎక్కువమంది అక్కడే చూస్తారు. హెడ్‌ఫోన్స్‌లో కడుపులో దిగబడిన ఆ లోతైన బాస్ దెబ్బ ఫోన్‌లో దాదాపు వినపడదు, దాని మీద నమ్మకంతో టైటిల్ పెట్టుంటే టైటిల్ చప్పగా పడుతుంది. కింది స్థాయి దెబ్బతో పాటు కాస్త పై స్థాయి శబ్దం ఒకటి కలపండి, ఒక లోహపు చప్పుడో, తలుపు గొళ్లెమో. డైలాగు దగ్గర సంగీతాన్ని మీకు సరిపోయిందనిపించిన దానికంటే ఇంకాస్త తగ్గించండి. ఆ డైలాగు మీకు కంఠతా వచ్చు కాబట్టి వినిపిస్తున్నట్టుంటుంది, కొత్తవాడికి వినిపించదు. మొత్తం శబ్దం పెంచేసి గెలుద్దామనుకుంటే కుదరదు. శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లఫ్స్ లెక్కలో, సుమారు మైనస్ 14 దాటినవాటిని యూట్యూబ్ అక్కడికి దించేస్తుంది.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు డైలాగులు, సంగీతం, మిగతా శబ్దాలు వేర్వేరు ట్రాకుల్లో ఉంచి, సంగీతం లేని కాపీ ఒకటి అదనంగా తీసి పెట్టుకోండి. వాడిన ప్రతి ట్యూన్ పేరు, చేసినవారి పేరు, లైసెన్సు, తీసుకున్న తేదీ ఒక పేజీలో రాసి, లైసెన్సు పేజీ స్క్రీన్‌షాట్‌తో సహా అదే ఫోల్డర్‌లో దాచండి. పోటీ వాళ్లు అడిగినా, రేపు ఏదైనా క్లెయిమ్ వచ్చినా ఆ పేజీ తీసి చూపించొచ్చు. అప్పటికీ తేలకపోతే, సంగీతం లేని కాపీ మీద కొత్త ట్యూన్ ఎక్కించి ఆ సాయంత్రానికల్లా మళ్లీ అప్‌లోడ్ చేసేయొచ్చు.